మాటతో పనిలేని ముఖం

నర్సీపట్నం దాటి ఘాట్ రోడ్డెక్కితే లంబసింగి, ఆ పైన చింతపల్లి. కృష్ణ తన నూరో సినిమా 'అల్లూరి సీతారామరాజు' కోసం యూనిట్‌ను వెంటబెట్టుకొచ్చి మకాం వేసింది ఆ చింతపల్లి అడవుల్లోనే. 1974లో విడుదలైన ఆ సినిమా షూటింగ్ ముచ్చట్లు మా వైపు ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. ఎవరూ చెప్పుకోని సంగతి ఇంకొకటుంది. ఆ సినిమా తీసిన పద్మాలయా సంస్థే తొమ్మిదేళ్ల తర్వాత హిందీలో 'హిమ్మత్‌వాలా' తీసింది. కృష్ణ, జయప్రద నటించిన 'ఊరుకి మొనగాడు'కి అది హిందీ రూపం. దర్శకుడు కె.రాఘవేంద్రరావు, హీరో జితేంద్ర, హీరోయిన్ శ్రీదేవి. 1983లో ఆ సినిమా ఉత్తరాదిని ఊపేసింది. శ్రీదేవి అనే పేరు హిందీ వాళ్ల నోళ్లలో నానడం అప్పుడే మొదలైంది.

తర్వాత వాళ్లే ఆమెను తమ తొలి మహిళా సూపర్‌స్టార్ అన్నారు. అందులో అతిశయోక్తి లేదు. హీరో ఎవరైనా సరే, పోస్టర్ మీద ఆమె బొమ్మ ఉంటే టిక్కెట్లు తెగిన కాలం ఒకటి నిజంగానే నడిచింది. మన మాట మనం చెప్పుకోవాలి గనుక చెబుతున్నాను: ఆ సూపర్‌స్టార్‌ని తయారుచేసి పంపింది మద్రాసులోని తెలుగు, తమిళ సెట్లు. ఆమె తల్లి రాజేశ్వరిది తిరుపతి. తండ్రి అయ్యప్పన్ శివకాశి ప్రాంతపు న్యాయవాది. 1963 ఆగస్టు 13న పుట్టిన ఆ పిల్ల నాలుగేళ్లు నిండే వయసుకే కెమెరా ముందుకొచ్చింది. అప్పటి నుంచి ఆమెకు ఇల్లు ఎంతో సెట్టూ అంతే.

2018 ఫిబ్రవరి 24, శనివారం రాత్రి దుబాయిలో హోటల్ గది స్నానాల తొట్టెలో ఆమె చనిపోయింది. దగ్గరి బంధువుల పెళ్లికని వెళ్లి, తిరిగి రాలేదు. వయసు 54. ఆదివారం పొద్దున్నే టీవీలు పెట్టినవాళ్లకు ముందు నమ్మబుద్ధి కాలేదు. ఆ తర్వాత నాలుగు రోజులు మన వార్తా ఛానెళ్లు కొన్ని చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. స్టూడియోల్లో స్నానాల తొట్టె బొమ్మలు వేశారు. తొట్టెలో ఒకడు పడుకుని చూపించాడు. నీళ్ల లోతు ఎంత, మనిషి ఎత్తు ఎంత అని లెక్కలు కట్టారు. యాభై ఏళ్లు పని చేసిన ఒక కళాకారిణి భౌతికకాయం ఇంకా ఇంటికి చేరకముందే ఆమె చావును ఆటబొమ్మ చేశారు. దుబాయి అధికారులు ప్రమాదవశాత్తూ నీట మునిగి చనిపోయిందని తేల్చి కేసు మూసేశారు. 28న ముంబైలో మువ్వన్నెల జెండా కప్పి, ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. దారి పొడవునా నిలబడిన జనాన్ని చూశాక గానీ మనసు కాస్త కుదుటపడలేదు.

ఆమె చావు గురించి అంత మాట్లాడినవాళ్లు ఆమె పని గురించి మాట్లాడింది తక్కువ. ఈ నాలుగు మాటలూ ఆమె పని గురించే.

ముందు ఆమె బాల్యం. మలయాళంలో 'పూంపాట్ట' అనే సినిమాకు 1971లో కేరళ ప్రభుత్వం ఉత్తమ బాలనటి అవార్డిచ్చింది. అప్పటికి ఆమెకు ఎనిమిదేళ్లు. మరుసటి ఏడాది 'బడిపంతులు'లో ఎన్టీఆర్‌కు మనవరాలిగా చేసింది. ఆ బొద్దు బుగ్గల పిల్ల, బూచాడి పాట గుర్తులేని తెలుగు ఇల్లు లేదు. ఆ సినిమా పంతులుగారి కథే గానీ, ఆ పాప కనిపించినంతసేపూ చూపు ఆమె మీదికే పోతుంది. 1975లో హిందీ 'జూలీ'లో లక్ష్మికి చెల్లెలు. 1976లో బాలచందర్ 'మూండ్రు ముడిచ్చు'లో హీరోయిన్. ఆ సినిమాలో ఆమె రజనీకాంత్‌కు సవతి తల్లి. అప్పుడామెకు పదమూడేళ్లు! ఆ వయసు పిల్లలు మా ఊళ్లో ఏడో తరగతో ఎనిమిదో తరగతో చదువుతుంటారు. ఆమెకు బడి లేదు. అమ్మ పక్కన కుర్చీలో కూర్చుని పిలుపు కోసం ఎదురుచూడటం, పిలవగానే లేచి వెళ్లి, తనకు తెలియని వయసు బాధను ముఖం మీద చూపించడం, అదే చదువు. ఈ మాట పొగడ్తగా రాయడానికి చేయి రావడం లేదు. పసిపిల్ల చేత అంత పని చేయించిన పరిశ్రమ అది. కానీ ఆ పిల్ల ఆ పనిలోంచి ఏం నేర్చుకుందో చూస్తే మాత్రం చేతులెత్తి మొక్కాలి.

నేర్చుకున్నది ఇది: భాష ఏదైనా, గొంతు ఎవరిదైనా, ముఖంతో చెప్పాల్సింది చెప్పేయడం.

దీనికి 'పదహారేళ్ళ వయసు'లోని మల్లి పాత్రను మించిన రుజువు లేదు. భారతీరాజా తమిళంలో '16 వయదినిలే' తీసినప్పుడు ఆమె పద్నాలుగేళ్ల పిల్ల. 1978లో రాఘవేంద్రరావు దాన్నే 'పదహారేళ్ళ వయసు'గా తెలుగులో తీశారు. 1979లో భారతీరాజాయే హిందీలో 'సోల్వా సావన్' తీశాడు. మూడేళ్లలో మూడు భాషల్లో ఒకే పల్లెటూరి పిల్ల, మూడింటిలోనూ శ్రీదేవే. తెలుగులో మల్లి మన ఇంటి పిల్ల అయిపోయింది. చదువుకున్నవాణ్ణి పెళ్లాడి పట్నం వెళ్లాలని కలలు కనే పిల్ల, తన చుట్టూ తిరిగే కుంటి మనిషిని చీదరించుకుంటుంది. మోసపోయాక మెల్లగా ఆ మనిషి విలువ తెలుసుకుంటుంది. అవిటిపేరు పెట్టి పిలిచినవాడి చెంప పగలగొట్టమని అతనికి నేర్పుతుంది. చంద్రమోహన్ ఆ పాత్రలో ప్రాణం పెట్టాడు. కానీ ఆ మార్పు ఎక్కడ జరిగిందో, ఏ క్షణంలో చీదర జాలిగా, జాలి ప్రేమగా మారిందో చూపించాల్సిన బరువు ఆ పదిహేనేళ్ల పిల్ల మీద పడింది. అది చెప్పే డైలాగు సినిమాలో ఎక్కడా లేదు. ముందు సగంలో ఆమె అతని వైపు చూసేటప్పుడు గడ్డం కొంచెం పైకెత్తి ఉంటుంది. రెండో సగంలో ఆ గడ్డం కిందికి దిగుతుంది. అంతే. అంతకన్నా ఏమీ చేయలేదు.

హిందీ వాళ్లకు మాత్రం 'సోల్వా సావన్' ఎక్కలేదు. అమ్మాయి వెనక్కి వచ్చేసింది. నాలుగేళ్లు మళ్లీ అటు చూడలేదు.

ఆ నాలుగేళ్లూ తెలుగు సినిమా ఆమెను తీరిక లేకుండా వాడుకుంది. 'కార్తీక దీపం', 'వేటగాడు', 'కొండవీటి సింహం', 'ప్రేమాభిషేకం', 'బొబ్బిలి పులి', కృష్ణ పక్కన లెక్కకు మిక్కిలి సినిమాలు. ఏడేళ్ల కిందట ఎన్టీఆర్‌కు మనవరాలిగా చేసిన పిల్ల 'వేటగాడు'లో ఆయన పక్కన వానపాటలో తడిసింది. నేల టిక్కెట్టు వాళ్లు ఈలలు వేశారు, నిజమే. ఈ రోజు కూర్చుని ఆలోచిస్తే మనసు కలుక్కుమంటుంది. హీరోకు అరవై దగ్గరపడినా హీరోయిన్‌కు పదహారే ఉండాలనే పద్ధతిని అప్పుడెవరూ తప్పనలేదు. ఆ పద్ధతిలోనే ఆమె నెగ్గుకొచ్చింది. ఏఎన్నార్ పక్కన 'ప్రేమాభిషేకం' చేసిన మనిషే ఏడేళ్లకు నాగార్జున పక్కన 'ఆఖరి పోరాటం' చేసింది. తండ్రి పక్కనా కొడుకు పక్కనా ప్రేక్షకుడికి ఆమె ఎక్కడా ఎబ్బెట్టుగా అనిపించలేదంటే, ఆ ఘనత ఆమెదే.

ఇదే కాలంలో బాలు మహేంద్ర 'మూండ్రాం పిరై' తీశాడు. తెలుగులో 'వసంత కోకిల' పేరుతో డబ్బింగై వచ్చింది, హిందీలో 'సద్మా'. ప్రమాదంలో గతం మరిచిపోయి పసిపిల్లలా మారిన యువతి పాత్ర. ఆఖరి సన్నివేశం తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. రైల్వే స్టేషన్లో వాన, కమల్‌హాసన్ ఆమెకు తనను గుర్తు చేయడానికి పిల్లిమొగ్గలు వేస్తాడు, తలమీద కుండ పెట్టుకుని కోతిలా గెంతుతాడు. జనం అంతా కమల్‌ని చూసి ఏడుస్తారు. నేను మాత్రం కిటికీలో శ్రీదేవిని చూడమంటాను. గతం తిరిగొచ్చిన మనిషి ఆమె. బయట గెంతుతున్నది తనను తల్లిలా సాకినవాడని ఆమెకు తెలియదు. ఎవరో పిచ్చివాడు, ఆకలితో ఉన్నాడేమో అనుకుంటుంది. ఆ ముఖంలో చిన్న జాలి ఉంటుంది, దారిన పోయేవాడి మీద ఎవరికైనా కలిగేటంత జాలి. దానికి ఒక్క రవ్వ ఎక్కువైనా ఆమెకు ఏదో గుర్తొచ్చిందని అనిపించి సన్నివేశం చెడిపోయేది. ఒక్క రవ్వ తక్కువైతే ఆమె మీద కోపం వచ్చేది. కమల్‌కు ఆ సినిమాకు జాతీయ అవార్డు వచ్చింది. న్యాయమే. ఆమెకు రాలేదు. అది అన్యాయం.

'హిమ్మత్‌వాలా' తర్వాత కథ అందరికీ తెలిసిందే గనుక త్వరగా చెబుతాను. కృష్ణ, శ్రీదేవి చేసిన 'చుట్టాలున్నారు జాగ్రత్త' హిందీలో 'మవాలీ' అయింది. రామానాయుడు 'దేవత'ను 'తోఫా'గా తీశారు. గోదావరి ఒడ్డున బిందెల మధ్య ఆడిన పాట హిందీలోకీ బిందెలతో సహా వెళ్లింది. మన రాఘవేంద్రరావు, కె.బాపయ్య, మన రాజమండ్రి జయప్రద, మన కథలు, మన స్టెప్పులు. బొంబాయి విమర్శకులు వాటిని మద్రాసు సరుకని ఈసడించారు. సగం సినిమాలకు ఆ మాట తగినదే కూడా. కానీ ఆ బిందెల మధ్య కూడా ఆమె కళ్లు ఊరికే ఉండేవి కావు. పాట వేగంగా పోతుంటే, కనుబొమ్మతో ఒక వెక్కిరింత, పెదవి చివర ఒక అలక. ఎవరూ అడగని పని అది.

ఆ హిందీ సినిమాల్లో మాట ఆమెది కాదు. గొంతు వేరేవాళ్లది. చాలా సినిమాల్లో నటి నాజ్ చెప్పేది, 'ఆఖరీ రాస్తా'లో అయితే సాక్షాత్తూ రేఖే చెప్పింది. 1989లో యశ్ చోప్రా 'చాందినీ' వచ్చేదాకా హిందీ ప్రేక్షకులు ఆమె సొంత గొంతు సరిగ్గా వినలేదు. అప్పటికే ఆరేళ్లుగా ఆమెను నెత్తిన పెట్టుకున్నారు! ఇటు చూస్తే మాకు హిందీ రాదు. ఆదివారం సాయంత్రం దూరదర్శన్‌లో హిందీ సినిమా వస్తే, డాబా మీద యాంటెన్నా తిప్పేవాడు ఒకడు, కింద నుంచి 'వచ్చింది, వచ్చింది, పోయింది' అని అరిచేవాళ్లు నలుగురు. అర్థం చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. అమితాబ్ మాట్లాడుతుంటే మా ఇళ్లలో ఆడవాళ్లు లేచి వంట చూసుకుని వచ్చేవారు. శ్రీదేవి కనిపిస్తే లేచేవారు కాదు. అటు హిందీ వాళ్లు ఆమె గొంతు వినకుండా చూశారు, ఇటు మేము ఆమె మాట అర్థం కాకుండా చూశాం. ఇద్దరికీ ఆమె పూర్తిగా అర్థమైంది. నాకు తెలిసినంతలో భారతీయ సినిమాలో ఇంకెవరికీ దక్కని విజయం ఇది.

'మిస్టర్ ఇండియా' సంగతే చూడండి. శేఖర్ కపూర్ 1987లో తీశాడు. హీరో కనిపించడు, మాయమైపోయే మనిషి. నీలం చీరలో ఆమె చేసిన ఆ వానపాటలో చాలాసేపు ఎదుట ఎవరూ లేరు, ఖాళీ. అనిల్ కపూర్ ఎక్కడ నిలబడ్డాడో, ఎటునుంచి వచ్చి తాకాడో, ఆ స్పర్శకు ఒళ్లు ఎలా జలదరించిందో, అదంతా ఆమె ఒక్కతే చేసి చూపించాలి. చూసేవాళ్లకు అక్కడ మనిషి ఉన్నాడనే అనిపిస్తుంది. అదే సినిమాలో చాప్లిన్ వేషం వేసుకుని జూదశాలలో చేసిన హాస్యం ఉంది. చేతికర్ర, టోపీ, మీసం, మాట లేదు. అందంగా ఉన్న హీరోయిన్ తన అందాన్ని అలా మీసం కింద దాచేసి జనాన్ని నవ్వించడం మన సినిమాల్లో అరుదు. సావిత్రి చేసింది, శ్రీదేవి చేసింది.

'చాల్‌బాజ్' అయితే సరేసరి. అక్కాచెల్లెళ్లిద్దరూ ఆమే. ఒకతి భయంతో ముడుచుకుపోయే పిల్ల, ఇంకొకతి బీరు తాగి వీధిలో తైతక్కలాడే పిల్ల. ఇది 'సీతా ఔర్ గీతా'ను చూసి తీసిన కథ. దానికి మూలం 'రామ్ ఔర్ శ్యామ్'. దానికి మూలం 1964 నాటి మన 'రాముడు భీముడు'. ఎన్టీఆర్ కొరడా పట్టుకున్న కథ పాతికేళ్లు తిరిగి తిరిగి మళ్లీ మన అమ్మాయి చేతికే వచ్చింది. ఆ సినిమాకు ఆమెకు ఫిల్మ్‌ఫేర్ అవార్డొచ్చింది. ఆ తర్వాత 'లమ్హే'కు మరొకటి.

తెలుగుకు ఆమె అప్పుడప్పుడూ తిరిగి వస్తూనే ఉండేది. 1990 మే 9న 'జగదేకవీరుడు అతిలోకసుందరి' విడుదలైన రోజు కోస్తాను తుఫాను ముంచెత్తింది. థియేటర్లలోకి నీళ్లొచ్చినా జనం కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుని చూశారని చెప్పుకుంటారు. ఇంద్రుడి కూతురు ఉంగరం పోగొట్టుకుని భూమ్మీద చిక్కుకుపోతుంది. చిరంజీవిని 'మానవా' అని పిలిచేటప్పుడు ఆ గొంతులో రాచకన్య దర్పం, కళ్లలో దారితప్పిన పసిపిల్ల బెదురు. అది పిల్లల కథ, అయినా ఆమె దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. 2025లో అదే తేదీన మళ్లీ థియేటర్లకు వస్తే, ఆమె చనిపోయాక బుద్ధెరిగిన పిల్లలు కూడా వెళ్లి చూశారు.

నా లెక్కలో మాత్రం తెలుగులో ఆమె శిఖరం 1991 నాటి 'క్షణ క్షణం'. రాంగోపాల్ వర్మ ఆమె మీద అభిమానంతోనే ఆ సినిమా రాసుకున్నానని తర్వాత చాలాసార్లు చెప్పాడు.  అందులో ఆమె పాత్ర సత్య, మామూలు ఉద్యోగం చేసుకునే మధ్యతరగతి అమ్మాయి. దొంగలూ పోలీసులూ వెంటపడితే వెంకటేశ్‌తో అడవి పాలవుతుంది. ఆకు కదిలితే ఉలిక్కిపడుతుంది. ఏజెన్సీ అంచున ఉన్నవాళ్లం గనుక చీకటి పడ్డాక అడవిలో మనిషి ఎలా ఉంటాడో మాకు తెలుసు. ముందు చెవులు మేలుకుంటాయి, ఆ తర్వాతే కళ్లు. శ్రీదేవి సరిగ్గా అలాగే చేసింది. శబ్దం వచ్చిన వైపు ముందు తల తిరగదు, భుజం బిగుసుకుంటుంది, ఆ తర్వాత కళ్లు పక్కకు జరుగుతాయి. అంత భయంలోనూ నవ్వు తెప్పిస్తుంది. హీరో జోలపాట పాడితే ఆ భయం నిద్రలోకి జారిపోయే తీరు ఇంకో ముచ్చట. ఈ పాత్రకు నంది అవార్డు వచ్చింది. 1994లో 'గోవిందా గోవిందా', 'ఎస్.పి. పరశురాం' తర్వాత తెలుగులో ఆమె సినిమా చేయలేదు. అంతటి నటికి వయసుకు తగిన ఒక్క పాత్ర ఆ తర్వాత ఇరవైమూడేళ్లలో మన పరిశ్రమ రాయలేకపోయింది. ఇది మన లోటు, ఆమెది కాదు.

1997లో 'జుదాయి' చేసి ఇల్లు చూసుకుంది. పదిహేనేళ్లు. తిరిగొచ్చిన సినిమా 2012లో గౌరీ శిందే తీసిన 'ఇంగ్లిష్ వింగ్లిష్'. ఇంగ్లిష్ రాదని సొంత కూతురే చిన్నచూపు చూసే ఇల్లాలు శశి. న్యూయార్క్‌లో ఒంటరిగా కాఫీ దుకాణానికి వెళ్తుంది. కౌంటర్ వెనకాల పిల్ల గడగడా ప్రశ్నలు వేస్తుంది. శశికి ఏ మాటా అందదు, వెనక వరసలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. చివరికి బయటికి వచ్చి బల్ల మీద కూలబడి ఏడుస్తుంది. ఆ దుకాణంలో నిలబడ్డ రెండు నిమిషాలూ ఆమె చీర కొంగును పట్టుకున్న తీరు చూడండి. బ్యాంకులో ఫారం నింపలేక, పెద్దాసుపత్రిలో డాక్టరు చెప్పింది అర్థం కాక, వెనకవాళ్లు తోస్తుంటే పక్కకు తప్పుకున్న మన ఊళ్ల ఆడవాళ్లు ఎంతమందో ఆ పట్టులో ఉన్నారు. రాని భాషల మధ్య, అరువు గొంతుల మధ్య బతుకంతా పనిచేసిన మనిషి తప్ప ఆ సన్నివేశం ఇంకెవరు అలా చేయగలరు? తెలుగు డబ్బింగ్‌లో వచ్చినప్పుడు అమ్మలు కూతుళ్లను తీసుకెళ్లి చూపించారు. కూతుళ్లు అమ్మలను తీసుకెళ్లి ఉంటే ఇంకా బావుండేది.

2013లో పద్మశ్రీ వచ్చింది. 2017లో 'మామ్', ఆమె మూడు వందో చిత్రంగా చెప్పారు. కూతురికి జరిగిన ఘోరానికి చట్టం న్యాయం చేయకపోతే తానే లెక్క తేల్చుకునే తల్లి. ఆసుపత్రిలో కూతుర్ని చూసి అరిచే అరుపు ఒక్కటి వింటే చాలు, ఆమె గొంతు గురించి ఎవరికైనా ఉన్న అనుమానాలన్నీ తీరిపోతాయి. ఆ పాత్రకే జాతీయ ఉత్తమ నటి అవార్డు ప్రకటించారు. 2018 ఏప్రిల్లో. అప్పటికి ఆమె పోయి రెండు నెలలు కావస్తోంది. మే 3న ఢిల్లీలో భర్త బోనీ కపూర్, కూతుళ్లు జాన్వీ, ఖుషీ అందుకున్నారు. నాలుగేళ్లకే పనిలో చేరిన మనిషికి దేశం ఉత్తమ నటివని చెప్పడానికి యాభై ఏళ్లు తీసుకుంది, చెప్పేసరికి వినడానికి మనిషి లేదు.

2024లో జాన్వీ 'దేవర'తో తెలుగుకు వచ్చింది. పక్కన జూనియర్ ఎన్టీఆర్. తాత పక్కన తల్లి, మనవడి పక్కన కూతురు. ఆ పిల్లను తల్లితో పోల్చి చిన్నబుచ్చకండి. ఆమె దారి ఆమెది. పోలిక పెట్టదగినవాళ్లు ఆ తల్లికి ఆమె కాలంలోనే లేరు.

శ్రీదేవిని తలచుకోవాలనుకుంటే ఫొటోకు దండ వేయనక్కర్లేదు. 'పదహారేళ్ళ వయసు' గానీ 'క్షణ క్షణం' గానీ పెట్టుకుని, ఒక అరగంట శబ్దం తీసేసి చూడండి. ఆమె ఏం చెబుతోందో ఒక్క మాట కూడా తప్పిపోదు. ఇంట్లో నటన నేర్చుకోవాలని ఉబలాటపడే పిల్లలుంటే వాళ్లను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.